చివరి మడికి నీరెప్పుడు?
కరవు ఏడాదిలో కె.సి. కాలువ కింద వంతుల లెక్క

కాలువకు నీళ్లు వదలక ముందే నారు పోసుకోవడం మన మిడుతూరు, నందికొట్కూరు వైపు రైతుకు అలవాటు. నాలుగు చినుకులు పడగానే ‘ఈసారి నీళ్లొస్తాయంటావా అన్నా?’ అని ఒకరినొకరు అడుగుతారు. ‘రాకేం చేస్తాయిలే, ఎగువన బాగా పడుతోందంట’ అని ఎవరో ఒకరు అంటారు. అంతే, విత్తనాల సంచి మూతి విప్పుతారు. నిండు ఏడాదయితే ఈ ధైర్యం చెల్లిపోతుంది. లోటు ఏడాదిలో మాత్రం నారు ముదిరిపోతుంది, దున్నకం కూలి దండగవుతుంది, కౌలు మాత్రం ఆగదు. ఎకరా రెండెకరాలున్న రైతుకు ఆ దెబ్బ నుంచి లేవడానికి మళ్లీ మూడేళ్లు పడుతుంది.

నీళ్లు తక్కువున్నప్పుడు వాటిని ఎవరు, ఎలా పంచుతారు? ఆ పంపకంలో చిన్న రైతు ఎక్కడ నోరు విప్పాలి? తన మడి దగ్గర, తన బోరు దగ్గర తాను ఏం చేసుకోవచ్చు? ఈ వారం ఈ సంగతులు చూద్దాం.

కాలువ పొడవు, నీటి కొలత

కర్నూలు-కడప కాలువ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పుట్టి 305 కిలోమీటర్లు నడిచి కడప చేరుతుంది. దాని కింద ఆయకట్టు 2,65,628 ఎకరాలు. అందులో మూడో వంతుకు పైగా కడప వైపే ఉంది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ దీన్ని తవ్వించింది. పడవలు తిప్పాలని, నీళ్లు అమ్ముకోవాలని వాళ్ల ఆలోచన. తమాషా ఏమంటే, తొలి రోజుల్లో మన పెద్దలు ఆ నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర వాన పదునుకే పండుతుంటే డబ్బిచ్చి నీరు కొనడమెందుకన్నారు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. వద్దన్న నీటి కోసమే ఇప్పుడు అర్ధరాత్రి తూముల దగ్గర కాపలా కాస్తున్నాం.

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.లు కేటాయించింది. ఇందులో 10 టి.ఎం.సి.లు తుంగభద్ర డ్యాం నుంచి వదలాలి. మిగతా 29.9 నదిలో పారే నీటి నుంచి తీసుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నది పారితేనే ఆ 29.9. వాన లేని ఏడాదిలో నది నాలుగు వారాలు పారి ఇసుక తేలుతుంది. నిలవ చేసుకుందామంటే సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టి.ఎం.సి.లే. కర్నూలు నగరానికి తాగునీరు కూడా అక్కడి నుంచే పోవాలి. నీరు కొరవడితే మొదటి హక్కు తాగునీటిది. దాని మీద తగాదా పెట్టుకోవడానికి లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూడండి. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. దాన్ని ఎకరా మీద అడుగు లోతున నిలబెడితే దాదాపు 23 వేల ఎకరాలకు వస్తుంది. 39.9 టి.ఎం.సి.లు పూర్తిగా వచ్చాయే అనుకోండి, మొత్తం ఆయకట్టుకు పంచితే ఎకరాకు మూడున్నర అడుగుల కన్నా తక్కువే పడుతుంది. అదీ తలకాలువ దగ్గరి లెక్క. దారిలో ఇంకేది, ఆవిరయ్యేది, గండ్లలో పోయేది తీసేయాలి. వరికి మడి దగ్గరే నాలుగడుగుల దాకా కావాలి. అంటే ఆయకట్టంతా వరి వేస్తే నిండు ఏడాదిలో కూడా నీరు చాలదు. ఆరుతడి పంటకయితే అందులో సగం లోపే సరిపోతుంది. ఈ కాలువ కింద వరి, ఆరుతడి కలిసి ఉండాల్సిందేనని లెక్క చెబుతోంది. మనం మాత్రం నీళ్లు కనబడగానే వరికే పోతున్నాం. ఎందుకు పోతున్నామో కూడా తెలిసిందే. వడ్లయితే ఇంట్లో తిండికి పనికొస్తాయి, కొనేవాడు కల్లంలోకే వస్తాడు. ఆరుతడి పంటకు ఆ భరోసా లేదు. అది రైతు తప్పు అని ఒక్క మాటతో తేల్చేయడం న్యాయం కాదు.

కోత ఎలా పడుతుంది?

తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక పేరుకుపోయి ఇప్పుడు 105 దగ్గరికి దిగింది. అందుకని తుంగభద్ర బోర్డు ఏటా వచ్చే నీటిని అంచనా వేసి, అందరి కోటాలను దామాషాలో కోసి ఇస్తుంది. మన 10 టి.ఎం.సి.లు కూడా ఆ కోతలోనివే. అవి కూడా వాటంతట అవి రావు. మన ఇంజనీర్లు ఇన్ని రోజులకు ఇన్ని క్యూసెక్కులు కావాలని ఇండెంటు పెట్టాలి. డ్యాం దగ్గర వదిలిన నీరు సుంకేసుల చేరేలోపు నదిలో కొంత ఇంకిపోతుంది, దారిలో మోటార్లు కొంత లాగుతాయి.

వాన బాగున్నా ఒక్కోసారి నీటి భరోసా ఉండదు. 2024 ఆగస్టు 10 రాత్రి నిండుగా ఉన్న డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. వారం రోజులు తంటాలు పడి స్టాప్‌లాగ్‌లు దించి ఆపారు. మిగతా గేట్ల మీద కూడా నమ్మకం తగ్గింది. అందువల్ల 2025లో డ్యాంను నిండా నింపకుండా 80 టి.ఎం.సి.ల దగ్గర ఆపాల్సి వచ్చింది.

శ్రీశైలం వెనుక జలాలు మనకు రెండో ఆసరా. 2017 జనవరిలో ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకం ప్రారంభమైంది. శ్రీశైలంలో నీటిమట్టం బాగా దిగినా అక్కడి పంపులు నీరెత్తి కె.సి. కాలువలో పోయగలవు. పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్ల మీదుగా, నిప్పులవాగు దారిన కాలువ కింది భాగానికి నీరందుతుంది. అయితే పోతిరెడ్డిపాడు తూములకు నీరెక్కాలంటే శ్రీశైలంలో మట్టం 841 అడుగులు దాటాలి. వానలు మొహం చాటేసిన 2023లో ఆ ఆసరా కూడా సన్నగిల్లింది. ఆ అక్టోబరులో రాష్ట్రంలో 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించారు.

మన మండలంలోనే ఉన్న అలగనూరు జలాశయం గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. వరద రోజుల్లో కాలువలో ఎక్కువైన నీటిని అందులో నింపుకుని, కాలువ ఎండినప్పుడు తిరిగి కాలువకే ఇవ్వాలని దాన్ని కట్టారు. సుమారు మూడు టి.ఎం.సి.లు, అంటే రెండు సుంకేసులలకు పైమాటే. కట్ట కుంగాక నీరు నిలపలేక ఏళ్లు గడిచాయి. రోళ్లపాడు బట్టమేక పిట్టల బీళ్ల అంచున కొంత నేల కూడా ఈ జలాశయం కిందకే పోయింది. అంత పోగొట్టుకుని కట్టుకున్నది అవసరానికి ఎండి ఉంటే రైతుకు కడుపు మండదా మరి.

నీరు వదిలే నిర్ణయం ఎక్కడ?

సీజన్ ముందు జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశం జరుగుతుంది. ఎన్ని నీళ్లున్నాయి, ఏ కాలువకు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి, రెండో పంటకు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ తేలుస్తారు. పేపర్లో ఈ వార్త వస్తే చాలామంది వదిలే తేదీ ఒక్కటే చూస్తారు. మీరు ఆపే తేదీ చూడండి. నవంబరు చివర ఆపుతామన్నారనుకోండి, ఆగస్టు ఆఖరులో నాటే అయిదు నెలల వరి గింజ పాలు పోసుకునే రోజుల్లో నీరుండదు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుని రకం ఎంచుకోవాలి. వరి వేసి తీరాలంటే తక్కువ రోజుల రకం తీసుకోవాలి. నాట్లు ఆలస్యమైతే వరి మాట వదిలేయాలి.

తక్కువ నీళ్లున్నప్పుడు కాలువను సగానికి తగ్గించి రోజూ పారించకుండా, కొన్ని రోజులు నిండుగా వదిలి కొన్ని రోజులు ఆపుతారు. దీనిపై రైతులకు అనుమానం ఎక్కువ. ‘రోజూ కొంచెం వదిలితే ఏం పోయె?’ అంటారు. దానికి కారణముంది. కాలువలో మట్టం తగ్గితే పిల్లకాలువల తూములకు నీరెక్కదు. పైగా సన్నగా పారే నీరు సగం దూరం పోకముందే నేలలో ఇంకుతుంది. నిండుగా అయిదారు రోజులు పారితేనే చివరికి చేరుతుంది. కాబట్టి ఆపిన రోజుల్లో ఆందోళన పడకండి. వదిలిన రోజుల్లో చివరికి చేరిందా లేదా అన్నదే అడగండి.

గంటకు అంగుళం

తూము దగ్గర వంతులు పెట్టుకునేందుకు ఒక సులువైన లెక్క ఉంది. ఒక క్యూసెక్కు నీరు గంటసేపు పారితే ఎకరాకు దాదాపు అంగుళం నీరు. ఇది గుర్తుంటే లస్కరును, సంఘం అధ్యక్షుణ్ణి, ఇంజనీరును ఎవరినైనా నిలబెట్టి మాట్లాడవచ్చు.

మీ తూము కింద నూరెకరాలున్నాయి, తూములో ఒక క్యూసెక్కు పారుతోంది అనుకుందాం. అందరూ ఆరుతడి పంట వేసి రెండంగుళాల తడి ఇచ్చుకుంటే ఒక్కో ఎకరాకు రెండు గంటలు చొప్పున 200 గంటలు. అంటే ఎనిమిదిన్నర రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. చివరివాడి పంట బతుకుతుంది. అదే అందరూ వరి నాటి నాలుగంగుళాలు నిలబెట్టుకుంటామంటే 400 గంటలు, దగ్గర దగ్గర 17 రోజులు. కాలువ పది రోజులు వదిలి ఆపితే చివరి నలభై ఎకరాలకు చుక్క రాదు. పైనున్న వాళ్లు దొంగతనం చేయకపోయినా, తమ వంతు తాము న్యాయంగా పెట్టుకున్నా, చివరి మడి ఎండుతుంది. మడవ తిప్పే గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. రాత్రిపూట మడవ దగ్గర పార పట్టుకుని నిలబడటం కన్నా, నాట్లకు ముందు పగటిపూట ఒక చెట్టు కింద కూర్చుని ఈ లెక్క వేసుకోవడం తేలిక.

లోటు ఏడాదిలో వంతు చివరి నుంచి మొదలుపెట్టాలి. చివరి మడి తడిసి, వరసగా పైకి రావాలి. పైవారికి ఇది రుచించదు. కానీ వారి పొలం పక్కనే నీళ్లు పారుతూ పోతాయి కాబట్టి వాళ్ల వంతు ఎగ్గొట్టడం ఎవరి తరమూ కాదు. చివరివాడికి ఆ భరోసా లేదు.

సంఘంలో మీ ఓటు ఉందా?

వంతులు పెట్టడం ఎవరి పని అంటే, చట్టప్రకారం నీటి వినియోగదారుల సంఘం పని. 1997లో వచ్చిన రైతుల ద్వారా సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారం, ప్రతి సీజన్‌కూ వారబందీ పట్టిక తయారుచేయాల్సింది, కాలువ పూడిక తీయించాల్సింది, నీటి వాడకం చూడాల్సింది ఈ సంఘమే. ఆ ఏడాదే రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అప్పట్లో దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. తరువాత ఎన్నికలు సాగదీశారు, మధ్యలో సంఘాలు లేకుండా కూడా కాలం గడిచింది. మళ్లీ 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి.

చాలా చోట్ల సంఘం అంటే పూడికతీత బిల్లులు అన్న పేరు పడింది. వారబందీ పట్టిక అడిగిన రైతు తక్కువ, చూపించిన సంఘం ఇంకా తక్కువ. మీ ప్రాదేశిక నియోజకవర్గం నుంచి ఎన్నికైన సభ్యుడు ఎవరో తెలుసుకోండి. తూము వారీగా వంతుల కాగితం రచ్చబండ దగ్గర అంటించమని అడగండి. కాగితం మీదున్న వంతుకు బలం ఎక్కువ. నోటిమాట వంతు పలుకుబడి ఉన్నవాడి వైపు ఒరుగుతుంది.

కౌలు రైతులకు ఒక మాట. రికార్డుల్లో కౌలుదారుగా ఉన్నవారికే ఈ చట్టం హక్కు ఇస్తోంది. నోటిమాట కౌలు చేసుకునే వారికి సంఘంలో ఓటు లేదు. పొలంలో నీళ్లు కట్టేది వీరే, నష్టం మోసేది వీరే. ఓటు మాత్రం ఊళ్లో లేని ఆసామిది. ఇది మారాలి. మారేలోపు, వంతుల సమావేశం జరిగేటప్పుడు ఆసామిని తీసుకుని పోయి పక్కన కూర్చోండి. ఓటు లేకపోయినా మాట అడ్డుకునే వారుండరు.

నీటి తీరువా సంగతి కూడా చూడాలి. 1990ల చివర పెద్ద కాలువల కింద మొదటి పంట వరికి ఎకరా రు.200, ఆరుతడికి రు.100గా రేట్లు పెట్టారు. ఇది ఎకరం లెక్క, నీటి లెక్క కాదు. నాలుగంగుళాలు పెట్టినా, ఆరంగుళాలు పెట్టినా తీరువా ఒక్కటే. పొదుపు చేసిన వాడికి దక్కేదేమీ లేదు. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలో వాఘాడ్ ప్రాజెక్టు కింద రైతుల సంఘాలు నీటిని కొలిచి తీసుకుంటాయి, కొలత ప్రకారమే కడతాయి. మిగిల్చుకున్న నీరు సంఘానిదే. అక్కడ రైతులు అందుకే ద్రాక్షకు, కూరగాయలకు మళ్లారు. మన కాలువ మీద ప్రతి పిల్లకాలువకూ కొలత బద్ద పెట్టి, రోజూ రాసి ఉంచితే చాలు, సగం అనుమానాలు పోతాయి.

బోరున్న వారు

కాలువ రాని చోట, వచ్చి ఆగిన చోట బోరే దిక్కు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో సగటు వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో భూమిలోకి దిగేది కొంతే. ఒక రైతు వంద అడుగులు లోతుకు పోతే పక్క రైతు రెండు వందలు పోతాడు. చివరికి ఇద్దరి బోర్లలోనూ గాలే వస్తుంది. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. తీసుకోని వారే ఎక్కువన్నది అందరికీ తెలుసు.

ఈ పోటీకి విరుగుడు మన ప్రాంతంలోనే ఒకసారి చేసి చూపించారు. ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడు కేంద్రంగా పనిచేసే బర్డ్స్ సంస్థ ముందుండి, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2010 దాకా ఏడు కరవు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భ జలాల లెక్క కట్టించింది. ఊరి రైతులే వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి, ఊరి గోడ మీద రాశారు. ఖరీఫ్ చివర అందరూ కూర్చుని, ఊరి కింద ఎంత నీరుంది, రబీలో వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని పంట నీటి బడ్జెట్ వేశారు. లోటు ఎంతో అందరి ముందూ తేలింది. ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని శాసించలేదు, జరిమానా లేదు, సబ్సిడీ ఎర లేదు. లెక్క చూశాక ఎవరికి వారే వరి తగ్గించుకున్నారు. తగ్గించనివారూ ఉన్నారు. అయినా పక్కవాడు ఎంత తోడుతున్నాడో తెలిసిన ఊళ్లో తోడటానికి కొంచెం వెనకాడతారు.

ఆ పని ఒక్క రైతు కూడా తన మటుకు చేసుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 80 సెకన్లయితే మీ బోరు సెకనుకు రెండున్నర లీటర్లు ఇస్తోంది. ఏడు గంటలు కరెంటుంటే 63 వేల లీటర్లు. ఎకరాకు రెండంగుళాల తడి అంటే రెండు లక్షల లీటర్లకు పైమాటే, అంటే మూడు రోజులకు పైగా ఒక్క ఎకరాకే. పది రోజులకో తడి కావాల్సిన ఆరుతడి పంట ఈ బోరు కింద మూడెకరాలు వస్తుంది. వరి అయితే ఎకరంన్నర కూడా కష్టం. జనవరి దాటితే బోరు తగ్గుతుంది కాబట్టి, అక్టోబరు లెక్కలోంచి మూడో వంతు తీసేసి విత్తుకోవడం మంచిది.

నీటిమట్టం కొలవడానికి తెల్లవారి మోటారు వేయకముందు సమయం బాగుంటుంది. మోటారు దించేటప్పుడే పక్కన సన్నని ప్లాస్టిక్ గొట్టం దించి ఉంచితే, కొలిచే తాడు మోటారుకు చుట్టుకోదు.

మడి దగ్గర

వరి వేసి ఉంటే, ఎప్పుడూ నీరు నిలిపి ఉంచనక్కరలేదు. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం చిల్లులు పెట్టి, ఆ సగం మడిలో పాతి లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేలమట్టం కన్నా అరడుగు దిగాక మళ్లీ తడి ఇవ్వండి. నాటిన తొలి రెండు వారాలు, పూత రోజులు మాత్రం పలచగా నీరు నిలిపే ఉంచాలి. ఎర్ర నేలల్లో, గరువుల్లో ఇది బాగా నడుస్తుంది. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త. నేల బీటలు విచ్చిందంటే పెట్టిన తడంతా బీటల్లోకే పోతుంది. అక్కడ అరడుగు దాకా ఆగకుండా, సన్నని నెర్రె కనబడగానే తడపాలి.

మొక్కజొన్నకు ఒకే తడి దక్కేటట్టుంటే పూత, పీచు వచ్చే రోజులకు దాచుకోండి. శనగకు రెండు తడులు దొరికితే కొమ్మలు వేసేటప్పుడు ఒకటి, కాయ పట్టేటప్పుడు ఒకటి. అసలు నీరే లేదంటే శనగ రేగడి పదునుతో కూడా ఒడ్డెక్కుతుంది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బిఇజి-47 నిలువుగా పెరిగి యంత్రంతో కోతకు వస్తుంది, కూలీల కొరత ఉన్నచోట అది నయం. అక్కడి నుంచే వచ్చిన కొర్ర రకం ఎస్‌ఐఏ-3085 ఎనభై, ఎనభై అయిదు రోజుల్లో చేతికొస్తుంది. కాలువ నమ్మి ఆగస్టు పోగొట్టుకున్న రైతుకు ఇది ఒక దారి. బిందుసేద్యం రాయితీ శాతాలు ఏడాదికేడాది మారుతుంటాయి. రైతు సేవా కేంద్రంలో అడిగాకే డబ్బు కట్టండి.

ఇక డ్రమ్ము లేదని బోరు కొలవడం మానుకోకండి. ఊళ్లో పాలకేంద్రం దగ్గర 40 లీటర్ల క్యాన్లుంటాయి. పొద్దున పాలు పోయించుకోవడం అయ్యాక అయిదు క్యాన్లు అడిగి తెచ్చుకుంటే అదే డ్రమ్ము లెక్క. కడిగి ఇవ్వడం మాత్రం మరిచిపోవద్దు.